తీసేసే ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నల్లగొండ, యాదాద్రి జిల్లాల్లో ఏ ఊరికి పోయినా యాదయ్యలు, యాదమ్మలు, యాదగిరులు కనిపిస్తారు. గుట్ట మీది నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్లు. పాలకవీడు దిక్కు పోతే సైదులు, సైదమ్మ అనే పేర్లు ఎక్కువ. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కిన ఇళ్లలో, హిందువులైనా ముస్లింలైనా, ఆ పేర్లు పెట్టుకుంటారు. పాలమూరులో కురుమూర్తి స్వామి పేరు మీద కుర్మయ్యలు, కుర్మమ్మలు. ప్రభుత్వం వాడే కృత్రిమ మేధలో కరుణ, ధర్మం ఎక్కడ మొదలుకావాలో చెప్పడానికి ఈ పేర్లే మంచి చోటని మాకు తోచింది.

ఎందుకో చెప్తాం. అనర్హులను తీసేయడానికి రేషన్, పింఛను లబ్ధిదారుల జాబితాను వాహనాల రిజిస్ట్రేషన్‌తో, భూమి రికార్డుతో, కరెంటు మీటరుతో కలిపి చూసే ప్రోగ్రాం మనిషిని చూడదు, గడులను చూస్తుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా: ఈ నాలుగు గడుల్లోని అక్షరాలను పోల్చి సున్నా నుంచి ఒకటి మధ్యలో ఒక స్కోరు వేస్తుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు యాదయ్యలు ఉన్నారనుకుందాం. ఒకరి తండ్రి సైదులు. రెండో ఆయన తండ్రీ సైదులే, ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఆ పాలివాళ్లందరిలో ఉంది. ఆధార్ తీసుకునేటప్పుడు పుట్టిన ఏడాది మాత్రమే చెప్పగలిగిన వాళ్లకు తేదీ జనవరి 1గా పడుతుంది కాబట్టి ఇద్దరి పుట్టినరోజూ అదే. ఊరు, మండలం సరే సరి. యంత్రం లెక్కలో స్కోరు 0.93 వచ్చింది, ఇద్దరూ ఒక్కరే అయిపోయారు. మొదటి యాదయ్య అప్పు చేసి కారు కొని హైదరాబాద్‌లో తిప్పుకుంటున్నాడు. ఆ కారు తనదేనన్న లెక్కతో రెండో యాదయ్యకు బియ్యం ఆగిపోయాయి. ఆ ఊరి రేషన్ డీలర్‌ను అడిగితే అర నిమిషంలో తేలే సంగతి ఇది.

దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. ఒకే యాదయ్య పేరు ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద ‘ఐఏహెచ్’తో, ఇంకో కాగితం మీద ‘వైవైఏ’తో ముగుస్తుంది. తెలుగులో రాసినప్పుడు ఒక్కటిగా ఉన్న పేరు ఇంగ్లిష్‌లోకి పోయి రెండవుతుంది. ఒకే మనిషి ఇద్దరుగా కనిపించి, పింఛను కాగితం ఆధార్‌తో కలవక తిరిగొస్తుంది.

ఇవి ఊహించి రాసిన భయాలు కావు. మన రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాల మీద మోసగాళ్లని ముద్ర వేసి, ఇచ్చిన డబ్బంతా వెనక్కి కట్టమన్నారు. ఆ వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ పేరుతో నడిచిన పద్ధతి ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (ఒక్కో పక్షం రెండు వారాలు) సమానంగా పంచి, పని లేని పక్షంలోనూ సంపాదించినట్టు చూపి బాకీ నోటీసులు పంపింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ పద్ధతిని పాలమూరు వలస కూలీకి అన్వయించి చూడండి. ముంబైలో నాలుగు నెలలు మట్టి మోసి తెచ్చిన డబ్బును పన్నెండు నెలలకు పరిస్తే, ఖాళీగా కూర్చున్న ఎండాకాలంలోనూ ఆయన సంపాదనపరుడే అవుతాడు.

ఒకప్పుడు మన ఊళ్లలో పట్వారీ దస్త్రానికి ఎదురుండేది కాదు. ఒక్క గీత గీస్తే భూమి చేతులు మారేది, ‘దస్త్రంలో అట్ల ఉంది’ అంటే మాట ముగిసేది. ‘సర్వర్‌లో అట్ల చూపిస్తుంది’ అనే మాట అదే గొంతుతో మళ్లీ వినపడుతోంది. పట్వారీ ఇంటి ముందు కనీసం కూర్చుని బతిమాలుకునే వీలుండేది.

మంత్రి గారూ, ఏఐ నీతి గురించి మంచి మాటలకు కొదవ లేదు. 2020 ఫిబ్రవరిలో రోమ్‌లో వాటికన్ చొరవతో ఒక ప్రకటన వచ్చింది. తర్వాత యూదు, ఇస్లాం పెద్దలు, 2024 జూలైలో హిరోషిమాలో తూర్పు దేశాల మతాల ప్రతినిధులు దాని మీద సంతకాలు చేశారు. 2021 నవంబర్‌లో యునెస్కో సిఫారసులను 193 దేశాలు ఒప్పుకున్నాయి. మన రాష్ట్రం 2020ని ఏఐ సంవత్సరంగా ప్రకటించింది, 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ సదస్సు జరిపింది. ఆ ప్రకటనల్లో పారదర్శకత, బాధ్యత, కలుపుకుపోవడం అన్నీ ఉన్నాయి. అవి మీసేవ కౌంటర్ దాకా ఎట్లా వస్తాయన్నదే మా ప్రశ్న.

దానికి జవాబు మన నేల మీదే ఉంది. సాగర్ నీళ్ల నడుమ ఉన్న కొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు చేసిన హితబోధ ‘రత్నావళి’. అందులో ఖైదీల సంగతి వస్తుంది. విడుదలయ్యే దాకా వాళ్లకు మంగలి, స్నానం, అన్నపానాలు, మందులు, బట్టలు అందాలంటాడు. శిక్షించాల్సి వచ్చినా కొడుకును దారిలో పెట్టే తండ్రి మనసుతో చేయమంటాడు. ‘దయగా ఉండు’ అని ఊరుకోకుండా, దయ అనే మాటను సరుకుల జాబితాగా మార్చి రాజు చేతిలో పెట్టాడు. ఈ ఉత్తరంలో మేము చేయబోయేదీ అదే.

మొదటి నియమం: ఇచ్చే పని యంత్రానికి అప్పగించవచ్చు, తీసేసే పని అప్పగించకూడదు. భర్త మరణం నమోదైన రోజే భార్యకు పింఛను దరఖాస్తు తయారుచేసి పంచాయతీ కార్యదర్శి లాగిన్‌లో పెట్టండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉండీ పింఛను రాని వాళ్లెవరో మర్రిగూడ, మునుగోడు మండలాల్లో వెతికి పట్టుకోమనండి, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగలేరు. దీనికీ దానికీ వాడేది అదే ప్రోగ్రాం, కలిపేవి అవే రికార్డులు. ఇక్కడ పొరపాటు జరిగితే అనర్హుడికి ఒక ఫారం వస్తుంది, అంతే. తీసేసేటప్పుడు జరిగే పొరపాటు అట్లాంటిది కాదు. ఇప్పుడు మనిషికి నెలకు 6 కిలోల చొప్పున, నలుగురున్న ఇంటికి 24 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. ఆ పథకాన్ని 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. ఒక నెల 24 కిలోలు అనవసరంగా పోతే ఖజానా తట్టుకుంటుంది. అవే 24 కిలోలు ఆగితే ఆ ఇల్లు తట్టుకోలేదు.

ఇంజినీరు ‘నూటికి 99 సరిగ్గా వస్తున్నాయి’ అని చెప్తే మీటింగులో చప్పట్లు కొడతారు. లక్ష కార్డుల మీద ఆ నూటికి ఒకటి అంటే వెయ్యి ఇళ్లు. బైబిల్లో గొర్రెల కాపరి 99 గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం పోతాడు. ఒక్క ప్రాణాన్ని కాపాడితే మనుషులందరినీ కాపాడినట్టే అంటుంది ఖురాన్. ఆ రెండు గ్రంథాలూ మాట్లాడుతున్నది ఆ ఒక్క శాతం గురించే. మతం ఏఐకి ఇవ్వగలిగిన అసలు జ్ఞానం ఇదేనని మేము నమ్ముతున్నాం: సగటును పక్కనపెట్టి, తప్పు ఎవరి నెత్తిన పడుతోందో చూడడం.

ఇక చేయాల్సిన పనులు. స్కోరు ఎంత దాటితే ‘ఇద్దరూ ఒకరే’ అనుకోవాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని 0.95 నుంచి 0.80కి దించితే ఎక్కువమంది అనర్హులు దొరుకుతారు, వాళ్లతో పాటు ఎక్కువమంది అమాయకులూ దొరుకుతారు. ఈ అంకెను కాంట్రాక్టు కంపెనీ ఇంజినీరు తన టేబుల్ దగ్గర నిర్ణయించడం తగదు. అది జీవోలో, అధికారి సంతకంతో ఉండాలి. దాని పక్కన రెండు లెక్కలు రాయాలి: వేర్వేరు మనుషులను ఒకటిగా కలిపేసిన తప్పులు ఎన్ని, ఒకే మనిషిని పోల్చుకోలేకపోయిన తప్పులు ఎన్ని. ఈ లెక్కలు హైదరాబాద్ నగర డేటా మీద తీస్తే పనికిరావు, ఎందుకంటే యాదయ్యలు, సైదులు అంత దగ్గర దగ్గరగా ఉండేది మా జిల్లాల్లోనే. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, మక్తల్ లాంటి చోట్ల యంత్రం పోల్చిన రికార్డుల జంటలు తీసుకుని, ఇంటికి పోయి చేత్తో సరిచూసి తీయాలి. శాంపిల్ ఎంత ఉండాలని అడుగుతారు. 300 జంటలు చూసి ఒక్క తప్పూ దొరక్కపోయినా అసలు తప్పు రేటు నూటికి ఒకటి దాకా ఉండొచ్చు. మూడును శాంపిల్ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ పై హద్దు. వెయ్యికి ఒకటి కంటే తక్కువని గట్టిగా చెప్పాలంటే 3,000 జంటలు చూసి, ఒక్క తప్పూ లేకుండా రావాలి. అది ఒక్కో జిల్లాలో కార్యదర్శులు, డీలర్లు కలిసి రెండు వారాల్లో చేయగల పని.

పుట్టిన తేదీ జనవరి 1 అయితే ఆ గడిని పోలికలో లెక్కించొద్దు. పేర్లను ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో పోల్చాలి. ఆ మండలంలో చాలామందికి ఉన్న పేరు కలిస్తే స్కోరు కొంచెమే పెరగాలి, అరుదైన పేరు కలిస్తే ఎక్కువ పెరగాలి. ఇది ఇంజినీర్లకు కొత్త విషయం కాదు, అడిగితే చేస్తారు. ఇప్పటిదాకా టెండర్ కాగితంలో అడిగిన వాళ్లు ఉండాలి కదా.

‘చివర్లో అధికారి చూస్తాడు’ అన్న భరోసా దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే కరుణ అక్కడే జారిపోతుంది. ఒక డిప్యూటీ తహసీల్దార్ ముందు రోజుకు 300 కేసులు పెట్టి, ప్రతి దాని పక్కన ‘అనర్హత అవకాశం 93 శాతం’ అని ఎర్రగా చూపిస్తే ఆయన చేసేది వేలు నొక్కడమే. యాభై కేసులు పోయాక కళ్లు అంకెనే చూస్తాయి, మిగతాది చూడవు. దీనికి మందు ఉంది. రోజుకు 25 కేసులకు మించి పెట్టొద్దు. ముందు కాగితాలు చూపించి, అధికారి తన అభిప్రాయం రాశాకే స్కోరు కనిపించాలి. ప్రతి నూరు కేసుల్లో ఐదు ముందే సరిచూసిన కేసులు కలపండి, అర్హులని తెలిసినవి. ఆ ఐదింట్లో రెండు మూడింటిని కూడా రద్దు చేస్తున్నారంటే ఆ నూరు కేసులూ చదవకుండా నొక్కుతున్నారని అర్థం, ఆ నూరింటి నిర్ణయాలన్నీ వెనక్కి రావాలి. ఇందులో శిక్ష ఉండకూడదు. పని తగ్గించాలి, మనిషిని మార్చాలి.

ఇంటికి పోయి చూసినప్పుడు ‘తాళం వేసి ఉంది’ అని రాస్తారు. పాలమూరులో తాళం అంటే వలస. దాన్ని అనర్హతగా తీసుకోకూడదు. ఉగాదికో, దసరాకో, పీర్ల పండుగకో వాళ్లు ఊరికి వస్తారు. ఆ పండుగల వారంలో గ్రామసభ పెట్టి పేర్లు చదివితే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. అప్పటిదాకా బియ్యం ఆగొద్దు, పింఛను ఆగొద్దు. తప్పు తేలితే ఏడు రోజుల్లో కార్డు తిరిగి రావాలి, ఆగిన నెలల బియ్యమూ రావాలి. దాంతో పాటు ఒక క్షమాపణ ఉత్తరం, అధికారి పేరుతో. కొలనుపాక జైన మందిరానికి వచ్చే భక్తులు ఏటా పర్యుషణ పండుగ చివర తెలిసీ తెలియక చేసిన తప్పులకు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. ఇస్లాంలో తౌబా (పశ్చాత్తాపం), క్రైస్తవంలో ఒప్పుకోలు ఉన్నాయి. యంత్రాలతో నడిచే పాలనలో లేనిది ఇదొక్కటే. మోసగాడని పేరుపడ్డ మనిషికి బియ్యం తిరిగొస్తే కడుపు నిండుతుంది, ఊళ్లో తలెత్తుకోవాలంటే ఆ ఉత్తరం కావాలి.

రెండో పెద్ద విషయం భాష. రైతుల కోసం, ఆరోగ్యం కోసం తెలుగులో జవాబు చెప్పే చాట్‌బాట్లు వస్తున్నాయి, రావాలి కూడా. అయితే ‘మందు’ అనే ఒక్క మాట తీసుకోండి. ఆస్పత్రిలో ఇచ్చేదీ మందే, బెల్టు షాపులో దొరికేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే. ‘మందు కొట్టాలె’ అంటే చేనుకు పిచికారీ కావచ్చు, సాయంత్రం తాగుడు కావచ్చు. పత్తి చేతికి రాక, అప్పు తీరక, రాత్రి పన్నెండింటికి ఒకాయన ఫోన్‌లో ‘మందు తాగబుద్ధైతుంది’ అని అంటే యంత్రం ఏమనుకోవాలి? పేపర్ల తెలుగు చదివి నేర్చుకున్న మోడల్ మద్యపానం మీద నాలుగు సలహాలు చెప్పి ఊరుకునే ప్రమాదం ఉంది. మన జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా ఆ మాట వినగానే గుండె జల్లుమంటుంది.

ఇట్లాంటి మాట వచ్చినప్పుడు యంత్రం ఊహించొద్దు, తిరిగి అడగాలి. ‘అన్నా, ఏ మందు? పక్కన ఎవరన్న ఉన్నరా?’ అని మామూలు మాటల్లో అడగాలి. సందేహం ఉంటే ప్రమాదంగానే తీసుకుని మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరును మొదటి వాక్యంలోనే చెప్పాలి, వీలుంటే అక్కడి నుంచే కాల్ కలపాలి. అప్పటికే తాగానంటే 108, ఇంకేమీ మాట్లాడకుండా. ఆ సంభాషణలో అంతకుముందు పురుగుమందుల గురించి ఏం అడిగి ఉన్నా, ఆ ప్రశ్నలకు జవాబులు అక్కడితో ఆగాలి. దీన్ని పరీక్షించడానికి కనీసం 500 వాక్యాలు కావాలి: నల్లగొండ మాట, పాలమూరు మాట, గద్వాల దిక్కు కన్నడం కలిసిన మాట, దేవరకొండ తండాల గోర్‌బోలి, పాత బస్తీల దక్కనీ ఉర్దూ. ఈ వాక్యాలు రాయాల్సింది ఆశా కార్యకర్తలు, రైతు కూలీలు, ఎరువుల దుకాణం వాళ్లు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఈ పరీక్షల పనిని అక్కడ పెట్టండి. చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్న ప్రవక్త మాటను కాంట్రాక్టులో షరతుగా రాయండి: వాక్యాలు రాసిన వాళ్లకు, డేటాకు లేబుళ్లు పెట్టే యువతకు డబ్బు పని ముగిసిన వారంలోనే అందాలి.

మతజ్ఞానం అంటే గ్రంథాలన్నీ తెచ్చి యంత్రంలో పోయడమని కొందరు అనుకుంటున్నారు. దాన్ని మేము ఒప్పుకోం. గీత పేరుతో వచ్చిన కొన్ని చాట్‌బాట్లు ధర్మం కోసం చంపడం తప్పు కాదన్నట్టు జవాబులిచ్చిన సంగతి 2023లోనే వార్తల్లో వచ్చింది. గురువు శ్లోకం చెప్పేటప్పుడు ఎదుటివాడి ముఖం చూస్తాడు, వాడు ఏ కోపంతో వచ్చాడో చూస్తాడు. యంత్రం దగ్గర ఆ చూపు లేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ చాట్‌బాటూ దేవుడిగానో, ప్రవక్తగానో, ‘నేను’ అంటూ మాట్లాడకుండా నిషేధించండి.

మరి మతపెద్దలకు పని ఏమిటి? సభలో దీపం వెలిగించి వెళ్లే పని వద్దు. జిల్లాకొక పరిశీలన బృందం పెట్టండి. అర్చకుడు, ఇమాం, పాస్టర్, వాళ్లతో పాటు ఏ మతమూ పాటించని ఒకరు, ఒక రేషన్ డీలర్, ఒక ఆశా కార్యకర్త, డేటా తెలిసిన ఒక ఉపాధ్యాయుడు. సగం మంది ఆడవాళ్లు. గుడి గడప దాటనివ్వని చరిత్ర ఉన్న నేల ఇది కాబట్టి దళితులు, లంబాడాలు తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ బృందం కరుణ కూడా కొన్ని వాడల దగ్గరే ఆగిపోతుంది. నెలకు ఒక రోజు కూర్చుని, ఆ నెల రద్దయిన వాటిలోంచి చీటీ తీసి 50 కేసులు చదవాలి, ఐదిళ్లకు నడిచి పోవాలి. రెండు కంటే ఎక్కువ తప్పులు దొరికితే ఆ ప్రోగ్రాంను 30 రోజులు ఆపే అధికారం వాళ్లకు ఉండాలి. ఆ అధికారం లేకుండా బృందం పెట్టేటట్లయితే పెట్టవద్దు. ఎవరు అర్హులో తేల్చే పని మాత్రం వాళ్లది కాదు, అది చట్టానిది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు అశ్వమేధం చేస్తే ఆయన తోబుట్టువు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి అండగా నిలబడింది. వేర్వేరు దారుల వాళ్లు ఒక పని మీద కూర్చోవడం ఇక్కడ కొత్త కాదు.

చివరగా నోటీసు సంగతి. ఇప్పుడు ఫోన్‌కు వచ్చే సందేశాల్లో ‘వ్యత్యాసం గుర్తించబడినది’ లాంటి మాటలుంటాయి. చదువుకున్న వాళ్లకే అర్థం కావు. నోటీసును తెలుగులో పెద్ద అక్షరాలతో, ఐదు వాక్యాల్లో, తెలిసిన మనిషి చేతికిచ్చి చదివి వినిపించాలి. మేము రాసిన నమూనా ఇది, వాడుకోండి:

‘యాదయ్య గారూ, ఈ నంబరు కారు మీదేనని మా రికార్డు చూపిస్తోంది. మీది కాకపోతే ఈ కాగితం మీద వేలిముద్ర వేసి కార్యదర్శికి ఇవ్వండి, వేరే రుజువు అక్కర్లేదు. రుజువు చూపాల్సిన బాధ్యత మాది. ఇది తేలే దాకా మీ బియ్యం ఆగవు. సోమవారం ప్రజావాణికి రావాలనుకుంటే బస్సు చార్జీ మేమిస్తాం.’

కింద అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ ఫోన్ ఎత్తాలి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి
కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, అర్చకులు, ఇమాములు, పాస్టర్లు